అమ్మ రాసిన డబ్బాలు

మా చిన్నప్పుడు... అమ్మ కువైట్ నుంచి పంపే మెసేజిలు నాకు డబ్బాలు డబ్బాలుగా కనిపించేవి. అక్షరం ఉండాల్సిన చోట ఓ ఖాళీ డబ్బా... దాని పక్కన ఇంకోటి... అలా చివరిదాకా.

అప్పుడు నేను పదో తరగతి. నాన్న లేరు. రాజోలు దగ్గర మా ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉండేదాన్ని. అమ్మ అక్కడ ఒక ఇంట్లో వంటపని చేసేది. వెళ్ళేటప్పుడు తెలుగు అక్షరాల బటన్ ఫోను పట్టుకెళ్ళింది. ఏడాది తిరక్కుండానే, అక్కణ్ణుంచి సెలవు మీద వస్తున్న మా వీధి మరియమ్మ పిన్ని చేత నాకు టచ్ ఫోను పంపింది. ఆండ్రాయిడ్ ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు... వీధి వీధంతా వచ్చి చూసి వెళ్ళింది. నా గొప్ప ఇంతా అంతా కాదు.

తీరా చూస్తే అందులో తెలుగు రాదు! అంత ఇష్టంగా పంపిన ఫోనుకి వంక పెట్టడానికి నాకు నోరు రాలేదు. అమ్మ ప్రతి శుక్రవారం ఫోన్ చేసి, "రాసింది చదివేవా బుజ్జీ?" అనేది. "చదివేనమ్మా" అనేసేదాన్ని. నోటితో చెబితే ఏడుపొస్తుందని మనసులో మాటలన్నీ రాసి పంపేది పిచ్చి అమ్మ. అలా నలభై ఒక్క మెసేజిలు చేరాయి.

రాజోలులో నెట్ సెంటర్ నడిపే ప్రసాదు గారు దారి చెప్పారు. ఫోనుని రూట్ చెయ్యాలట. అంటే కంపెనీవాడు వేసిన తాళం తీసి లోపలికి వెళ్ళడం అన్నమాట. అప్పుడు తెలుగు అక్షరాల ఫైలు అందులో పెట్టొచ్చట.

మూడు ఆదివారాలు ప్రార్థన కాగానే బస్సెక్కి వెళ్ళాను. కంప్యూటరుకి తగిలిస్తే అది నా ఫోనుని గుర్తుపట్టేదే కాదు. టంగుమని మోగి, పసుపు రంగు గుర్తొకటి చూపించేది. డ్రైవర్ లేదట, అంటే ఫోనుని కంప్యూటరుకి పరిచయం చేసే ప్రోగ్రాము. ఆ డ్రైవర్ నెట్‌లోంచి దిగడానికి ఓ పూట... సగంలో కరెంటు పోయేది. దిగాక అది వేరే మోడలుదని తేలింది. ఇంకోటి దింపారు. పాతది తీసేస్తే గానీ కొత్తది ఎక్కలేదు. అన్నీ అయ్యాక చూస్తే నా కేబులే తప్పు... అది ఛార్జింగుకి తప్ప పనికిరాదు! ప్రసాదు గారు తన కేబుల్ తెచ్చి, కంప్యూటరు వెనక వైపు గుచ్చారు. గుర్తుపట్టింది. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

"తాళం తీస్తే లోపలున్నవన్నీ పోతాయమ్మా. దాచుకున్నవేమైనా ఉన్నాయా?" అని అడిగారాయన.

"ఫొటోలు మెమరీ కార్డులో ఉన్నాయండి. తీసేసేను."

"ఇంకేం లేవు కదా?"

"ఆయ్, లేవండి."

మెసేజిలు సిమ్ములో ఉంటాయని నా నమ్మకం. నేను చూసిన బటన్ ఫోన్లలో అలాగే ఉండేవి మరి.

ఫోను మళ్ళీ వెలిగింది. తెలుగు ఎంత చక్కగా వచ్చిందో! మెసేజిలు తెరిచాను... ఖాళీ. సిమ్ము తీసి పెట్టాను, మళ్ళీ తీసి పెట్టాను. ఒక్కటీ లేదు. "అడిగేను కదమ్మా..." అన్నారు ప్రసాదు గారు, నా మొహం చూడలేక.

ఆ మెసేజిల్ని ఎవరి బటన్ ఫోనుకైనా పంపించి ఉంటే హాయిగా తెలుగులో చదువుకునేదాన్ని. అలాంటి ఫోను మరియమ్మ పిన్ని ఇంట్లోనే ఉండేది. ఆ సంగతి ఎన్నో ఏళ్ళకి గానీ నాకు తట్టలేదు. తట్టిన రోజు కూర్చుని ఏడ్చాను.

ఆ శుక్రవారం అమ్మ ఫోన్ చేసింది.

"అన్నీ చదివేవా?"

"అన్నీ చదివేనమ్మా."

"మరేమంటావు?" అంది.

ఏం అడిగిందో నాకేం తెలుసు? చదవలేదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. "నీ ఇష్టమమ్మా" అన్నాను. "సరేలే" అని పెట్టేసింది.

అమ్మ ఇంకో నాలుగేళ్ళు అక్కడే ఉండిపోయింది. ఈలోగా అమ్మమ్మ పోయింది. కడసారి చూపుకి కూడా అమ్మ రాలేకపోయింది.

తిరిగొచ్చాక ఓ రోజు చేపలు తోముతూ మామూలుగా అంది. "అప్పుడు నువ్వు రమ్మంటే వచ్చేద్దామనే కదే రాసేను. నీ ఇష్టమన్నావు... పిల్ల పెద్దదైపోయింది, ఇంక నాతో పనిలేదనుకున్నాను."

ఆ మెసేజిలు చదవలేదని అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. అమ్మ ఇలాంటివి చూడదు గనక ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు ఏ ఫోను కొన్నా తెలుగు దానంతటదే వస్తోంది... రూట్ అక్కర్లేదు, డ్రైవర్ అక్కర్లేదు. వంటింట్లోంచే అమ్మ "అన్నానికి రా" అని మెసేజి పెడుతుంది. ఒక్కటీ తుడపను.

చదవకుండానే చదివేశానని మీరెవరైనా ఎప్పుడైనా చెప్పారా? చెప్పి ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదనుకుంటాను.