ఎనిమిదో రిపోర్టు

ఇంటర్ అయ్యాక నేను చదివింది రెండేళ్ళ హెల్త్ వర్కర్ కోర్సు. సౌదీలోని జిజాన్‌లో నేను పనిచేసే ఆసుపత్రి హాస్టల్లో నా గదిలో ఉన్న ఇద్దరూ మూడేళ్ళ నర్సింగ్ చదివినవాళ్ళు. "నీది రెండేళ్ళ కాలేజీ కదే, థర్మామీటర్ పెట్టడం వరకే నేర్పుంటారు" అని ఏడిపించేవాళ్ళు. పైకి నవ్వేదాన్ని గానీ లోపల మండేది. ఆ మంటతోనే దూరవిద్యలో సోషల్ వర్క్ డిగ్రీకి కట్టాను.

పరీక్షలన్నీ గట్టెక్కాయి. మిగిలింది ఫీల్డ్ వర్క్. ఎనిమిది మంది రోగుల కష్టం కనుక్కుని, సాయం చేసి, ఒక్కొక్కరి మీద ఒక రిపోర్టు రాయాలి. మా ఆసుపత్రి సోషల్ వర్కర్, సూడాన్ మేడమ్, సంతకం పెడితేనే అవి చెల్లుతాయి. గడువులోగా పంపకపోతే ఏడాది పోయినట్టే.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను అడక్కుండానే వడ్డించే రకం. ఒకణ్ణి వేరే లేబర్ క్యాంపుకి, ఒకణ్ణి పెద్దాసుపత్రికి, మిగతావాళ్ళని ఇళ్ళకి, ఏడుగురినీ చకచకా పంపేశాను. ఎనిమిదో మనిషి కరీంనగర్ వైపు మేస్త్రీ. పరంజా మీంచి పడి తొడ ఎముక విరిగింది, ఆపరేషనయ్యి నెలైంది. ఇలాంటివాడికి ఇల్లు తప్ప ఇంకేం కావాలి? వాళ్ళ కంపెనీ మనిషి వెంటపడి, దేశం వదిలి వెళ్ళడానికి ఎగ్జిట్ వీసా కొట్టించాను. వీల్‌చెయిర్‌తో సహా టికెట్ వేయించాను. మేడమ్ నా రిపోర్టు చదివి మెచ్చుకుంది. మర్నాడు అన్నిటి మీదా కలిపి సంతకం పెడతానంది.

ఆ మధ్యాహ్నం టికెట్ కబురు చెబుదామని వార్డుకెళ్ళాను. సంబరపడతాడనుకుంటే మేస్త్రీ గోడవైపు తిరిగాడు.

"నన్నొక్క మాట అడిగినవా అక్కా? కంపెనీ ఆయన కాయితం దెస్తే దవాఖానది అనుకోని ఏలుముద్ర ఏసిన."

"ఏం, ఇంటికెళ్ళవా?"

"ఎందుకు పోను? నడ్సుకుంట పోత. కుర్చీల కూసోని దిగితే నా పెండ్లాం తట్టుకోదు. నెల రోజులు ఆగితే నడుస్తవని కసరత్ చేపిచ్చేటాయన అన్నడు."

నెల రోజులు ఆ మంచం చుట్టూ తిరిగాను, బీపీ చూశాను, దుప్పటి మార్చాను. ఈ ఒక్క ప్రశ్న అడగలేదు.

చెప్పకపోతే రేపు సంతకం. గదిలో ఇద్దరి నోళ్ళూ మూతపడతాయి. దాచుకోవడమెందుకు, సాయంత్రం దాకా నేను మేడమ్ గది వైపే వెళ్ళలేదు. అప్పుడు వెళ్ళి అంతా చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. ఎగ్జిట్‌కి రెండు నెలల గడువుంటుంది కాబట్టి కంపెనీకి ఫోన్ చేసి టికెట్ వెనక్కి జరిపించింది. ఫోన్ పెట్టేసి, "మిగతా ఏడుగురూ ఏం కావాలన్నారు?" అంది.

రిపోర్టులు తిరగేశాను. ఏడింటిలో ఎక్కడా రోగి నోటితో చెప్పిన మాట ఒక్కటీ లేదు. అన్నీ నేను చేసిన ఘనకార్యాలే. నా కాగితాలు నేనే వెనక్కి తీసుకున్నాను.

మేస్త్రీ ఐదు వారాలకు చేతికర్రతో నడుచుకుంటూ వార్డు దాటాడు. "పోయొస్త అక్కా" అన్నాడు. నేను కొత్త ఏడుగురితో మొదలుపెట్టాను, ఈసారి మంచం పక్కన కుర్చీ వేసుకుని. డిగ్రీ ఏడాది ఆలస్యంగా వచ్చింది. గదిలోవాళ్ళు కేకు కోయించారు, ఏడిపించడం మాత్రం మానలేదు.

పాత ఏడుగురినీ కూడా అడగాలనే అనుకున్నాను. కానీ ఆసుపత్రిలో ఒక్కరూ లేరు. అందరూ నేను పంపినచోటికే వెళ్ళిపోయారు.