సరిహద్దు మీద నాగజెముడు

గూడూరులో మా పెరటికీ పక్కింటివాళ్ళ పెరటికీ మధ్య గోడ లేదు. పక్కింట్లో ఉండే రిటైరైన గుమాస్తాగారు మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా, ఆ సరిహద్దు పొడుగునా నాగజెముడు నాటాడు.

"పండ్ల కోసమండీ. ముళ్ళులేని రకం," అన్నాడు.

పెద్ద ముళ్ళు లేని మాట నిజమే. కానీ దాని మట్టల నిండా కంటికి ఆనని ముళ్ళ నూగు ఉంటుంది. ఒకరోజు ఆరేసిన చీర గాలికి ఎగిరి దాని మీద పడింది. తెలియక మా ఆవిడ అదే కట్టుకుంది. భుజం నుంచి నడుము దాకా దిగిన ఆ నూగును పట్టకారుతో తీస్తూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఆమె ఏడుస్తూనే ఉంది.

వెళ్ళి, పీకించెయ్యమన్నాను.

"మీ చీర మా చెట్టు మీదికి ఎందుకొచ్చిందండీ?" అన్నాడాయన.

మర్నాడు ఆయన బందరు వెళ్ళగానే కత్తి తీసుకుని మొత్తం నరికాను. ముక్కలన్నీ ఆయన పెరట్లోకి విసిరాను. సాయంత్రం తిరిగొచ్చి చూసి, "చాలా సంతోషమండీ," అని లోపలికి వెళ్ళిపోయాడు. ఒక్క ముక్కా తియ్యలేదు.

వానలకు ఆ ఇసుక మెరకలో ప్రతి ముక్కా వేరు పట్టింది. మూడేళ్ళలో ఆయన పెరడంతా నాగజెముడే.

"ఆయన నాటింది ఒక్క వరసేనండీ. మిగతాదంతా మీ చేతి చలవే," అంది మా ఆవిడ.

ఈ ఏడు ఎర్రగా విరగకాశాయి. ఆయన తొక్క తీసిన పండ్లు పళ్ళెంలో పెట్టుకుని, మా ఇల్లొక్కటి వదిలేసి వీధంతా పంచాడు.