అమ్మ టీవీలో చూసి తెప్పించుకున్న నగల సెట్టు

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం బడి వదిలి ఇంటికొచ్చేసరికి టీవీలో ఒకావిడ మెడ నిండా నగలతో ధగధగా మెరిసిపోతూ ఉండేది. "ఇంకా పది సెట్లే మిగిలాయి... వెంటనే ఫోన్ చెయ్యండి!" అని గొంతు చించుకునేది. ఆవిడ పెదాలు ఒకటి పలికితే, తెలుగు గొంతు ఇంకోటి పలికేది. ఆ పది సెట్లూ నెలల తరబడి పదిగానే ఉండేవి. అయినా నాకూ మా అమ్మకూ కంగారే... ఎక్కడ అయిపోతాయోనని!

మాది పాడేరు పైన కొండల్లో ఓ చిన్న ఊరు. మాది అంటే మాది కాదులెండి... అమ్మ అక్కడ నర్సు. ఆస్పత్రి పక్కనే క్వార్టరు. సొంతూరు కింద, విజయనగరం వైపు. నాకు ఐదేళ్ళప్పుడు నాన్న పోయారు. మరుసటి ఏడాది అమ్మని ఈ కొండ మీదకి వేశారు.

నాలుగింటికి ఆఖరి జీపు దిగిపోయిందంటే, ఇక మా గుమ్మంలోకి మనుషులు వచ్చేవారు కాదు. పొగమంచు మాత్రం వచ్చేది. అందుకే కాబోలు, కరెంటు ఉన్నంతసేపూ ఆ నగలావిడని వాగనిచ్చేది అమ్మ. కొననక్కర్లేదు... ఇంట్లో ఒక మనిషి గొంతు వినిపిస్తే చాలు.

ఓ రోజు ఉన్నట్టుండి, "ఏటే, ఆ ఆకుపచ్చ రాళ్ళ సెట్టు బాగుంది కదూ?" అంది. హారం, జూకాలు, నాలుగు గాజులు. వన్ గ్రామ్ గోల్డ్. నన్ను వెంటబెట్టుకుని వాటర్ ట్యాంకు దగ్గరికి నడిచింది. మా ఊరికంతటికీ సెల్‌ఫోన్ సిగ్నల్ ఉండేది ఆ ట్యాంకు దిమ్మ మీదే.

ఎవరికని అడిగినట్టుంది అవతలి అమ్మాయి. "మా గుంటకమ్మా" అంది అమ్మ.

గుంటంటే నేనే! పొంగిపోయాను. ఎనిమిదేళ్ళ దాన్ని మరి! తర్వాత గాజుల సైజు అడిగారు కాబోలు... అమ్మ తన మణికట్టు వైపు ఓసారి చూసుకుని, "రెండు ఎనిమిది" అని మెల్లగా చెప్పింది. అది అమ్మ సైజు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు.

మా ఊరి పేరు చెప్తే కొరియర్ అబ్బాయి పైకి రానన్నాడు. పాడేరు వచ్చి తీసుకోమన్నాడు. సంత రోజున జీపులో నలుగురి మధ్య ఇరుక్కుని వెళ్ళి తెచ్చుకున్నాం. దారి పొడవునా ఆ పెట్టె నా ఒళ్ళోనే...

ఇంటికొచ్చి వేసుకుంటే ఏముంది? హారం బొడ్డు దాకా దిగింది. గాజులు చేతికి ఆగితే ఒట్టు. నేను రాగం అందుకున్నాను. ఆ గోలకి చిలకమ్మవ్వ పరిగెత్తుకొచ్చింది. ఆస్పత్రి ఊడ్చి తుడిచేది ఆవిడే, ఆ ఊరి మనిషే. ముక్కుకి మూడు పోగులు, మెడలో బోలెడన్ని పూసల దండలు.

"గుంటకి పెద్దవైపోనాయి. నువ్వే యేసుకో నర్సమ్మా" అంది.

"నేనెలాగ వేసుకుంటాను అవ్వా... ఆయన లేరు కదా" అంది అమ్మ.

"మా ముసిలోడు పోయి పదేళ్ళయింది. నానేటైనా తీసీసినానా? నా మెడ నాది కాదేటి!" అని పకపకా నవ్వింది అవ్వ. నిజమే, వాళ్ళ ఊళ్ళో మొగుడు పోయాడని ఆడదాని మెడ బోసిగా చేసే ఆచారం లేదు. ఆ సంబడమంతా మా కింద ఊళ్ళలోనే. అమ్మా నవ్వింది... చాలా రోజులకి గట్టిగా నవ్వింది. పెట్టె మాత్రం ట్రంకులో పెట్టేసింది.

తర్వాత కొన్నాళ్ళకి మేష్టారు రాలేదని బడి బేగి వదిలేశారు. ఇంటికొచ్చి తలుపు తోశాను. అమ్మ గోడ అద్దం ముందు నిలబడి ఉంది. మెడలో ఆకుపచ్చ రాళ్ళ హారం... చెవులకి జూకాలు... చేతులకి గాజులు సరిగ్గా సరిపోయాయి. నన్ను చూసి ముందు ఉలిక్కిపడింది. ఆ తర్వాత, సిగ్గుపడుతూనే అడిగింది.

"బాగుందేటే?"

ఎంత బాగుందో! కానీ నా పాడు నోరు ఏమందో తెలుసా... "నువ్వు వేసుకోకూడదు. నాన్న లేరు కదా. నాయనమ్మకి చెప్పేస్తాను."

వేసవి సెలవులకి సొంతూరు వెళ్ళినప్పుడు నాయనమ్మ నోట విన్న మాటలే అవి. అమ్మ నన్ను తిట్టలేదు. ఒక్క లెంపకాయ కొట్టినా బాగుండేది. "అవునే, వేసుకోకూడదు కదా" అని ఒక్కొక్కటే తీసేసి, పొయ్యి మీద టీ పెట్టడానికి వెళ్ళిపోయింది. ఇక ఎన్నడూ వేసుకోలేదు. ఆ నగల ప్రోగ్రాం వస్తే ఛానెల్ మార్చేసేది. సాయంత్రాలు ఇంకాస్త నిశ్శబ్దంగా గడిచేవి.

అప్పటికి అమ్మ వయసు ముప్ఫై రెండు. ఇప్పుడు నాదీ ఇంచుమించు ఆ వయసే. నేనూ ఒక్కదాన్నే ఉంటున్నాను. నచ్చిన గొలుసు ఫోన్లో నొక్కితే రెండో రోజుకి గుమ్మంలో ఉంటుంది. వేసుకుంటాను... బాగుందో లేదో చెప్పే మనిషి ఉండదు. అప్పుడు తెలిసింది, ఆ రోజు అమ్మ నన్ను అడిగింది ఎంత చిన్న మాటో.

పోయినేడాది అమ్మ కూడా వెళ్ళిపోయింది. క్షమించమని ఆవిడనొక్కసారైనా అడగలేకపోయాను... ఎన్నిసార్లు నోటి దాకా వచ్చి ఆగిపోయిందో.

మీ ఇళ్ళల్లోనూ టీవీలో చూసి తెప్పించుకున్న నగలు ఉండే ఉంటాయి. మీ అమ్మలు వాటిని వేసుకున్నారా? పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ మెరిసిపోతూ తిరిగారా? చెప్పండి... వేసుకున్న అమ్మల కబుర్లు వినాలని ఉంది.