పల్లిచేన్ల అత్తమ్మ దగ్గు

మొన్న మంగళారం మా పల్లిచేన్ల జరిగిందాన్ని ఊరంత ఒక్కొక్కరు ఒక్కో తీరుగ చెప్పుకుంటున్నరు గని, అసలు సంగతి నా నోటెంట ఇనుండ్రి. ఎనిమిది మంది కూలోళ్లు పట్టపగలు, చెప్పులు గూడ ఇడిసిపెట్టి, చేన్లకెల్లి కోస్గి రోడ్డు దాక ఉరికిన్రు. వాళ్లందరికన్న ముందల ఉరికింది ఆ చేను ఆసామి. అంటే నేనే. ముందుగాల నవ్వుండ్రి, నవ్వుడు అయినంక చెప్త.

మా అత్తమ్మ పోయిన ఎండకాలంల కాలం జేసింది. ఆమె ఉన్నన్ని దినాలు ఆ రెండెకరాలు ఆమె చేతులనే ఉండె. నేను పాలమూరు టౌన్ల పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలిసింది కుట్టుమిషన్ ఒక్కటే. మా ఆయనేమో కోస్గిల స్కూల్ బస్సు నడుపుతడు. అత్తమ్మ దినాలు అయిపోయినంక మా బావ, అంటే మా ఆయన వాళ్ల అన్న, మంచం మీద కూసొని నిమ్మళంగ అన్నడు. "సరితతోని ఎవుసం ఏడైతది తమ్మీ? చేను నాకు కౌలుకియ్యి. ఉత్తగ పడావు పెట్టుకుంటే ఏమొస్తది?"

మా ఆయన తల ఊపేటట్టే ఉండె. నాకు గా మాట ఎక్కడనో గుచ్చుకుంది. "ఒక్క పంట నేను చేస్త బావా. నాతోని కాకుంటే అప్పుడు నువ్వే చేసుకో" అన్న. బావ నవ్విండు. "సరే బిడ్డా, ఒక్క పంట" అన్నడు. కోపంల వంట చెయ్యొద్దు, కోపంల మాట ఇయ్యొద్దు అంటరు. నేను కోపంల ఏకంగ రెండెకరాలు నెత్తికెత్తుకున్న.

ఏం చెప్పాలె, నా తిప్పలు నాకెరికె. మొత్తానికి పంట మంచిగనే వచ్చింది. కాయ పీకుడొక్కటే మిగిలింది. పల్లికాయ పీకాలంటే చేను తడిగుండాలె. బోరు నీళ్లు పెట్టి తడిపినంక రెండు దినాలల్ల పీకెయ్యాలె. భూమి గట్టిపడితే చెట్టు చేతికొస్తది, కాయ లోపల్నే తెగిపోతది. నేను నీళ్లు పెట్టిన మర్నాడే మొగులు పట్టింది. ఇగ వాన గిట్ల పడితే పీకిన కాయ గూడ ఖరాబే. కూలోళ్లేమో దొరుకుత లేరు. మా అత్తమ్మతోని ఇరవై ఏండ్లు పనిచేసిన బాలమ్మ ఉంది, కూలోళ్ల గుంపుకు పెద్ద. ఆమె కాళ్లావేళ్లా పడ్డ. "మంగళారం ఒక్క దినమే బిడ్డా. బుధారం వేరే ఊరోళ్లకు ఒప్పుకున్నం" అన్నది. అంటే ఆ ఒక్క దినంల పని అయితే చేను నాది, కాకపోతే బావది.

అండ్ల అడివిపందుల బాధొకటి. మా దిక్కు అందరి చేన్లల్ల చిన్న మైకు డబ్బా ఒకటి యాలాడుతది. దాని మెమరీ కార్డుల ఏదన్న అరుపు ఎక్కిచ్చి పెడితే అది తిప్పి తిప్పి మొత్తుకుంటది. పందులు, కోతులు దగ్గరికి రావు. మా డబ్బా అటక మీద ఉంటే దించి, కోస్గిల సెల్‌ఫోన్ దుకాణానికి పట్కపోయి కుక్కల అరుపు ఎక్కియ్యమన్న. దుకాణపాయన "పాతది తీసేయాల్నా, ఉంచాల్నా అక్కా?" అని అడిగిండు. నాకు బస్సు పోతాందని తొందర. "ఏదో ఒకటి చెయ్యన్నా, జల్ది ఇయ్యి" అన్న. ఇంటికొచ్చి ఆన్ చేస్తే కుక్కలు మొరిగినయి. మంచిదే అనుకొని ఛార్జింగ్ పెట్టిన.

మంగళారం పొద్దుగాల పని మొదలువెట్టినం. ఎండ లేదు, గాలి లేదు. మా చేను గుట్ట కిందికే ఉంటది. ఆ దినం గుట్ట మీది గుండ్లు నల్లగ కూసొని మమ్ములనే చూస్తున్నట్టు ఉండె. పీకిన కుప్పల మీద కోతులు పడుతయని డబ్బాను బోరు కాడి యాపచెట్టుకు కట్టి ఆన్ చేసిన. పగటాల్ల దాక కుక్కలు మొరిగినయి. ఒక్కపారి బందైనయి. బాలమ్మ "ఛార్జింగ్ అయిపోయినట్టుంది, చెవులకు సుఖం" అన్నది. నేను గూడ గట్లనే అనుకున్న.

కుక్కలు ఆగినంక చేను ఎంత సప్పుడు లేకుండ అయిందంటే, చెట్టు పీకుతుంటే ఏరు తెగుడు గూడ ఇనొస్తుండె. పిట్ట లేదు. రోడ్డు మీద బండి లేదు. బాలమ్మ నడుము నిటారు చేసి గుట్ట దిక్కు చూసుకుంట మెల్లగ అన్నది. "మీ అత్త పోయినంక ఈ చేన్ల ఇదే మొదటి పంట గద బిడ్డా." నాకు చేతుల మీద ఎంటికలు లేచి నిలవడ్డయి.

గప్పుడు ఇనొచ్చింది దగ్గు. పొడి దగ్గు. రెండుసార్లు దగ్గి, ఆగి, ఇంకోసారి.

పదకొండేండ్లు ఇన్న దగ్గు అది. నేను ఇంట్ల ఏ మూలకున్నా ఆ మూడో దగ్గు అయినంక "సరితా" అని పిలుపొచ్చేది. తల ఎత్తలే. ఎత్తితే ఆడ ఆమె కనిపిస్తదేమోనని భయం. కండ్ల కొసతోని పక్కకు చూస్తే అందరి చేతులు ఆగిపోయి ఉన్నయి. అంటే దగ్గు నాకొక్కదానికే కాదు, అందరికి ఇనవడ్డది.

"సరితా."

నా ఎనుకకెల్లే. మెల్లగ, దగ్గర నిలవడి పిలిచినట్టు.

ఇగ నేను చేసిన ఘనకార్యం ఇనుండ్రి. దిగ్గున లేచిన. కొంగు నెత్తి నిండ కప్పుకున్న. గుట్ట దాక ఇనవడేటట్టు, "ఆ... వస్తున్న అత్తమ్మా" అన్న. గుట్ట ఊకుంటదా? "అత్తమ్మా" అని అది గూడ అన్నది.

బాలమ్మ మొఖం ముగ్గుపిండి తీరు అయింది. ఆమె పక్కన మంగమ్మ అని ఒకామె నోట్ల కాయ నమలుకుంట ఉండె, నోరు గట్లనే తెరిచి పెట్టింది. ఇగ అంతల్నే మా అత్తమ్మ గొంతు చేను మొత్తం లేచింది.

"హేయ్, ఎవరే చేన్ల? మీ పీనుగులెల్ల, పొద్దుగాల్నుంచి నా కాయ మెక్కుతున్నరా? మీ నోట్ల మన్నువడ, కట్టె తీస్కొని వచ్చిన్నంటే ఒక్కొక్కరి మూతి పలగ్గొడ్త!"

పల్లికాయ పీకేటోళ్లు నాలుగు కాయలు నోట్లేసుకుంటరు, పోయేటప్పుడు పిడికెడు కొంగుల కట్టుకపోతరు. అది రివాజే, ఎవ్వరు తప్పు పట్టరు. మా అత్తమ్మ మాత్రం పట్టేది. మంగమ్మ నోట్లది ఉమ్మేసింది. ఇంకొకామె కొంగు ముడి ఇప్పి కాయలు కింద పోసి, భూమికి దండం పెట్టింది. ఆ ఎనుక ఏమైందో నేను చూడలే, ఎందుకంటే అప్పటికే నేను సగం చేను దాటిన.

రోడ్డు కాడ మా ఆయన బైక్ దిగుతున్నడు, చేతుల చాయ్ ఫ్లాస్కు. తొమ్మిది మందిమి ఒక్కసారే చెప్పినం, ఆయనకు "అమ్మ" అన్న మాటొక్కటి తప్ప ఏం సమజ్ గాలే. అంతల గొంతు మల్ల లేచింది. ఆయన చెవి ఒగ్గి ఇన్నడు. ఫ్లాస్కు నా చేతికిచ్చి చేన్లకు నడిచిపోయిండు. "పోకయ్యా" అని మొత్తుకున్న, ఇనలే. చానసేపటికి డబ్బాను సంకల పెట్టుకొని వచ్చిండు. కండ్లు ఎర్రగున్నయి.

"మైకే. పోయినేడు పందుల కోసం అమ్మతోని నేనే రికార్డు చేయించిన. దుకాణపోడు పాతది తీసెయ్యకుండ దాని ముందల గంటల కొద్ది కుక్కల అరుపు పెట్టిండు" అన్నడు.

నాకు సిగ్గుతోని సచ్చినంత పనైంది. దుకాణపాయన అడగనే అడిగిండు గద. చేను దిక్కు చూస్తే సగం పీకింది, సగం పీకనిది. మొగులు ఇంకింత కిందికి దిగింది. ఏడుపు ఆగలే నాకు. "బాలవ్వా, మైకని తెలిసె గదా, రాండ్రి. ఇయ్యాల కాకపోతే నా చేను పోతది" అని ఆమె చెయ్యి పట్టుకున్న.

బాలమ్మ నా దిక్కు అదో తీరుగ చూసింది. "మైకుకు మేమెందుకు ఉరుకుతం బిడ్డా? నీకు భయపడి ఉరికినం" అన్నది. ఆఖరికి ఒక షరతు మీద ఒప్పుకున్నరు. డబ్బా బంద్ ఉండాలె, నేను నోరు తెరవొద్దు.

తెరవలే. వాళ్లు గూడ ఒక్క ముచ్చట పెట్టలే, ఒక్క కాయ నోట్లేసుకోలే. పొద్దుగూకేసరికి రెండెకరాలు పీకుడు అయిపోయింది. కుప్పల మీద కవర్లు కప్పి ఇంటికొచ్చినంక చినుకు మొదలైంది. గడపల కూసొని ఆ వానను చూసుకుంట నేను మల్ల ఏడ్చిన, ఈసారి సంతోషంతోని.

అన్నం తిన్నంక మా ఆయన డబ్బా ముందలేసుకొని కూసున్నడు. వాళ్ల అమ్మ గొంతు ఇనాలని ఆశ. కుక్కల ముచ్చట దాటిపిచ్చిండు. దగ్గు వచ్చింది, మూడుసార్లు. తర్వాత కొంచెంసేపు ఉత్త గాలి సప్పుడు. దాని ఎనుక తిట్లు. గంతే.

"నా పేరేది?" అన్న.

"ఏ పేరు?" అన్నడు ఆయన.

మల్ల పెట్టించిన. ఇంకోసారి పెట్టించిన. దగ్గు ఉంది, గాలి ఉంది, తిట్లున్నయి. సరిత అన్న మాట లేదు. అప్పుడు సమజైంది బాలమ్మ ఎందుకు గట్ల చూసిందో. వాళ్లు దగ్గు ఇన్నరు గని పిలుపు ఇనలే. ఎవ్వరు పిలవకుండనే నేను కొంగు కప్పుకొని జవాబు చెప్పిన. "పదకొండేండ్ల అలవాటు, నీ చెవులే పిలుచుకున్నయి" అని మా ఆయన నవ్విండు. అయితే అయి ఉండొచ్చు. కాకపోతే డబ్బా కట్టిన యాపచెట్టు అప్పుడు నాకు ఎదురుంగ ఉండె. పిలుపు ఎనుకకెల్లి వచ్చింది. ఆ సంగతి ఆయనకు ఇంకా చెప్పలే.

శుక్రారం మా బావ వచ్చిండు. కాయ కుప్ప చూసి, "శభాష్ సరితా, రైతువైనవ్" అంటడని నేను చాయ్ పట్టుకొని నిలవడ్డ. ఆయన కుప్ప దిక్కే చూడలే. "అమ్మ చేన్లనే తిరుగుతుందట గద, నీతోని మాట్లాడుతుందట. నాకెందుకులే, నువ్వే చేసుకో" అని చాయ్ గూడ తాగకుండ పోయిండు. నాలుగు నెలలు నేను చేసిన చాకిరికి నిలవని చేను, నేను జడుసుకున్నందుకు నిలిచింది.

ఇగ నిన్న మా పక్కింటి వదిన వచ్చింది. అటిటు చూసి, గొంతు తగ్గిచ్చి, "సరితా, మా అత్త భూమి పాస్‌బుక్కు ఏడ దాచిపెట్టి సచ్చిందో దొరుకుత లేదు. మీ అత్తమ్మ మల్ల పిలిస్తే జర అడిగి చెప్పవా" అన్నది. నవ్వాలె అనుకున్న గని ఆమె మొఖం చూస్తే నిజంగనే అడుగుతుంది.

"మా అత్తమ్మ ఉన్నకాడికెల్లే ఏం చెప్పకపోతుండె వదినా. ఊకె పిలిచేది, నేను ఆమె దగ్గరికి పోయినంకనే సంగతి చెప్పేది. ఇప్పుడైతే నాకు ఆడికి పోయే తీరిక లేదు, రెండో పంటకు విత్తనం తెచ్చుకునేది ఉంది" అన్న.