పెద్దమ్మ సగమే కొట్టే పుట్ట

మైలార్‌దేవ్‌పల్లిలో మా పక్క వాటాయన నిన్న నన్ను పనిగట్టుకుని బాల్కనీలోకి పిలిచి, బంగారు రంగు అక్షరాలున్న సంచీ ఒకటి చూపించాడు. "పుట్టమన్నండీ! మొక్కలకు అమృతం. మీకు తెలియదు కాబోలు" అన్నాడు. వేళ్లతో నలిపి చూశాను. జల్లెడ పట్టీ పట్టీ దాన్ని ముఖానికి రాసుకునే పౌడరు చేశారు. నాలుగు గులాబీ కుండీలకు ఇంత ఉపన్యాసం! దానికి తోడు, చెదపురుగు కనిపిస్తే మందు కొట్టించే మనిషాయన.

సాతంరాయిలో మా పెద్దమ్మకు రెండెకరాల చెల్క ఉంది. అంతా ఎర్రటి ఇసుక నేల. పొద్దున పెట్టిన తడి మధ్యాహ్నానికి జాడ లేకుండా పోయేది. అలాంటి నేలలో ఆమె నవనవలాడే వంకాయలు కాయించేదంటే, అది గట్టు మీద నడుమెత్తు పెరిగిన పుట్ట చలవే. వానలకు ముందు గడ్డపారతో పుట్ట పైసగం మాత్రం కొట్టి, గడ్డలు చితక్కొట్టి, పేడ ఎరువులో కలిపి చల్లేది. ఆ జిగట మన్నుతో ఇసుకలో తడి నిలిచేది. కింది సగం ముట్టేది కాదు. ఏడాది తిరిగేసరికి చెదలు పైసగం మళ్లీ కట్టేవి. ఊళ్లోవాళ్లు నాగుల చవితికి పాలు పోసే పుట్టల జోలికి మాత్రం పోయేది కాదు. మేము చర్చికి పోయేవాళ్లం. అయినా "ఆల్ల మొక్కు ఆల్లది బిడ్డా, మనం గెలుకొద్దు" అనేది.

అప్పుడే నేను వ్యవసాయ డిప్లొమా చేతబట్టుకుని దిగాను. చేతిలో కాగితం ఉంటే కళ్లు నెత్తికెక్కుతాయి కదా, నాకూ ఎక్కాయి. "ఏడాదికి నాలుగు తట్టలేంది పెద్దమ్మా? మొత్తం తీస్తే ఒక్కసారే చేనంతా బాగైతది" అన్నాను. ఆమె నవ్వి తట్ట ఎత్తుకుంది. ఒక ఆదివారం ఆమె ప్రార్థనకు పోగానే, ఎయిర్‌పోర్టు రోడ్డు పనికొచ్చిన జేసీబీని బతిమాలి తెచ్చి, పుట్టను అడుగంటా తోడించాను. బొటనవేలంత రాణి చెద బయటపడితే ఫోటో కూడా తీసుకున్నాను. అంతటి ఘనుణ్ణి!

పెద్దమ్మ బైబిలు సంచీ చంకన పెట్టుకుని వచ్చి గుంతను చూసింది. "కట్టేటోల్లనే సంపినవ్ గదరా. ఇగ ఎవలు కడ్తరు?" అంది.

ఆ ఏడు తోట విరగకాసింది. నేను కాలరెగరేసుకుని తిరిగాను. మరుసటి ఏడు సగమైంది. ఆ తర్వాత చేను మళ్లీ ఉత్త ఇసుకే. ఎరువుల బస్తాలు తెచ్చి పోశాను, తడి లేని నేలలో అవి ఏం చేస్తాయి? వంగతోట ఎండిపోయింది. పెద్దమ్మ మాత్రం ఏటా వానలకు ముందు గడ్డపార పట్టుకుని గట్టు దాకా పోయి, చూసి, ఊరికే తిరిగి వచ్చేది. పోయిన ఏడు గడ్డపార ఇంట్లోనే వదిలి వెళ్లింది. ఈ ఏడు అసలు వెళ్లనే లేదు.

పక్క వాటాయన పెద్ద మనసుతో నాకూ గుప్పెడు మన్ను ఇవ్వబోయాడు. వద్దన్నాను. నాకంటే ఆయనే నయం, ఆయన చేతిలో పాడయ్యేవి నాలుగు కుండీలే. సగం మిగిల్చిన చోట చెదలకు ఒక్క ఏడాది చాలేది. నేనేమీ మిగల్చని ఆ గట్టు మీద మాత్రం ఏళ్లు ఉత్తగా గడుస్తున్నాయంతే.