లక్క పూసిన కాయిలు

పోయిన ఆదివారం మా అక్క ఇంటికి వెళ్ళేసరికి, జగదల్‌పూరులో చదువుకుంటున్న వాళ్ళ మనవరాలు ఫోనులో తెప్పించుకున్న ఒక చిన్న పెట్టెను వసారాలో స్టూలు మీద పెట్టి, దాని నెత్తిన లేచే ఊదారంగు మెరుపును ఇరుగుపొరుగుకు చూపిస్తోంది. అరచేతిలో ఇమిడే పెట్టె, దాని మీద సన్నటి రాగితీగ చుట్టిన గొట్టం. దగ్గరికి చిన్న బల్బు తీసుకెళితే ఏ తీగా తగలకుండానే వెలుగుతోంది. దీన్ని టెస్లా కాయిలంటారని ఆ పిల్ల చెబుతుంటే, పడక్కుర్చీలో కూర్చున్న మా బావ తెల్లమీసం దువ్వుకుంటూ, "కొత్తదేం గాదు బిడ్డా, ఎప్పుడో చేసినం మనం, ఈ ఇంట్లనే" అన్నాడు. మనమట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మా బావకూ నాకూ నలభై ఏళ్ళుగా మాటల్లేవు. ఆయన దుకాణం కొంటా వెళ్ళే రోడ్డుకు ఇటుపక్క, నాది అటుపక్క. పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎదురుపడ్డా, నేను చెప్పవలసింది మా అక్కతో చెబుతాను, ఆయన చెప్పవలసిందీ ఆమెతోనే చెబుతాడు, మూడడుగుల దూరంలో నిలబడి ఒకరి మాట ఒకరు వింటూనే. ఊళ్ళో వాళ్ళు దీన్ని చూసి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. పగ పెట్టుకోవడానికి నాకున్న కారణం వాళ్ళకేం తెలుసు?

మా నాన్న పోయాక మా అక్కే నన్ను తెచ్చుకుని సాకింది. బావకు మోటారు వైండింగు దుకాణం ఉండేది. శబరి నది ఒడ్డు పొలాల్లో కాలిపోయిన నీటి మోటార్లన్నీ బండెక్కి అక్కడికే వచ్చేవి. పనిలో ఆయన చెయ్యి మంచిదే, అబద్ధమాడను, నోరే చెడ్డది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆ దుకాణంలో నేను ఎంత శ్రద్ధగా తీగ చుట్టినా, ఒక్క చుట్టు పక్కకు జరిగిందంటే ఊరందరూ వినేలా తిట్టేవాడు. సాయంత్రమైతే ఇప్పసారా, తాగాక మళ్ళీ తిట్లు. మా అక్క పొయ్యి దగ్గర తల వంచుకుని రొట్టెలు చేస్తూ ఉండేది.

ఆ రోజుల్లోనే ఎవరో పారేసిన హిందీ సైన్సు పుస్తకం ఒకటి నా చేతిలో పడింది. తీగ తగలకుండా ట్యూబులైటు వెలిగించే కాయిలు బొమ్మ అందులో ఉంది. నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, అప్పుడు మనకు ఏ వస్తువూ పెట్టెలో పెట్టి ఎవరూ ఇచ్చేవారు కాదు, ప్రతిదానికీ బదులు ఏదో ఒకటి వెతుక్కోవలసిందే. గొట్టానికి బదులు వెదురు. పొయ్యి పైన అటక మీద పొగకు నెల రోజులు ఆరబెట్టాను. తీగకు ఫ్యాను వైండింగులో మిగిలిన వెంట్రుకంత సన్నటి రీలు చివర్లు. కరెంటును కాసేపు పట్టి ఉంచే కెపాసిటరుకు బదులు ఉప్పునీళ్ళు పోసిన సీసాలు. పాత జీపులోంచి ఊడదీసిన ఇగ్నిషన్ కాయిలూ, లారీ బ్యాటరీ ఒకటీ పక్కనే ఉన్న మెకానిక్కు దగ్గర అరువు తెచ్చాను. పైన బోర్లించడానికి మా అక్క ఇత్తడి చెంబు. వెదురు మీద వెయ్యి చుట్లు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా దాటకుండా చుట్టడానికి పదకొండు రోజులు పట్టింది. అంత అందంగా నేను మళ్ళీ ఏదీ చుట్టలేదు.

ఇక మిగిలింది వార్నిష్. చుట్ల మీద అది పూయకపోతే ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకు మెరుపు దూకి తీగంతా కాలిపోతుంది. దుకాణంలో వార్నిష్ డబ్బా ఉంది, కానీ బావ దానికి తాళం వేసి, "మోటార్లకే చాలుతలేదు, నీ తమాషాలకు ఏడికెళ్ళి తేవాలె?" అన్నాడు. సరే, తాళం నీదైతే అడవి నీది కాదు కదా అనుకున్నాను. సంతలో అమ్మే లక్కను ఘాటైన సారాలో కరిగిస్తే మంచి వార్నిష్ అవుతుందని పుస్తకంలోనే ఉంది. మరైగూడ అనే పల్లెకు నడిచివెళ్ళి, మా అమ్మను ఎరిగిన ఒక దొర్ల తెగ ముసలామె ఇంట్లో, కుండ నుంచి మొట్టమొదట దిగే సారాను సీసాడు పట్టించాను. ఆమె ముందే గరిటెలో పోసి అగ్గిపుల్ల చూపితే నీలంగా మండింది. ఆ సీసాను జాగ్రత్తగా తెచ్చి, వంటింటి గూట్లో మా అక్క డబ్బాల వెనక దాచాను.

ఇంత తాపత్రయం ఎందుకంటే, జగదల్‌పూరులో రేడియో పని నేర్పే కోర్సుకు ఫారం తెచ్చుకున్నాను. దాని మీద ఇంటి పెద్ద సంతకం కావాలి, ఆ పెద్ద మా బావ. నెల రోజులు బతిమాలగా, చివరికి ఆ మెకానిక్కు ముందు ఒప్పుకున్నాడు. స్కూలు సైన్సు మేలాలో అందరి ముందూ తీగ లేకుండా ట్యూబులైటు వెలిగితే దస్కతు పెడతాడు, వెలగకపోతే నోరు మూసుకుని దుకాణంలో కూర్చోవాలి. నా బతుకంతా ఆ వెదురు గొట్టం మీద ఉంది.

సారా తెచ్చిన రెండు రోజుల తర్వాత లక్కను సారాలో వేస్తే సరిగ్గా కరగలేదు, అడుగున ముద్దకట్టింది. పైకి తేరినదాన్నే మూడు పూతలు పూశాను. ఆరాక చుట్ల మీద తెల్లగా బూజు పట్టినట్టు పాలిపోయింది. వానాకాలం చెమ్మ అనుకున్నానే గానీ, మరైగూడలో చూసిన మంటను ఇంట్లో మరొక్కసారి చూడాలని తోచలేదు.

మేలా రోజు మధ్యాహ్నం స్కూలు గదికి గోనెపట్టాలు కట్టి చీకటి చేశారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. తీగ కలపగానే చెంబు అంచు నుంచి జానెడు మెరుపు చిటపటమని లేచింది, నా చేతిలోని ట్యూబులైటు తెల్లగా వెలిగింది. రెండు రెప్పపాట్లు వెలిగింది, నేను చూశాను. ఆ వెంటనే మెరుపు చుట్ల మీదుగా జెర్రిలా కిందికి పాకి, కాయిలు పొడవునా నల్లటి గీత కాల్చింది. గదంతా లక్క కాలిన కంపు. "ఏందిరా, నీ కాయిలు చుట్ట తాగుతాంది?" అన్నాడు మా బావ, గదంతా గొల్లుమంది.

ఆ సాయంత్రం ఆయన నా ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి, కదులుతున్న వైండింగు బల్ల కాలి కింద దోపాడు. అది ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళి, సీసాలో మిగిలిన సారాను గరిటెలో పోసి పుల్ల గీస్తే, పుల్ల చుయ్యిమని ఆరిపోయింది. అందులో నీళ్ళున్నాయి. ఆ ఇంట్లో తాగేది ఒక్కడే. సగం తాగి, దొంగతనం బయటపడకుండా నీళ్ళు కలిపి పెట్టాడన్నమాట! పైకి అంటే "ఆడలేక మద్దెల ఓడు" అని మళ్ళీ పదిమందిలో నవ్విస్తాడు, అందుకని నోరెత్తలేదు. ఏడాది తిరక్కుండా రోడ్డుకు అటుపక్క సొంతంగా దుకాణం పెట్టుకుని కూర్చున్నాను. ఆనాటి నుంచీ మాటల్లేవు.

ఆదివారం ఆ "మనం" విన్నాక ఇక ఆగలేకపోయాను. మనవరాలిని పిలిచి, మీ తాత ఏం చేశాడో విను అని, లక్కా సారా నీళ్ళూ అన్నీ ఏకరువు పెట్టాను. బావ ముఖం ఎర్రబడింది. నలభై ఏళ్ళలో మొదటిసారి నా వైపు తిరిగి, "నీ సీసా నేనెన్నడు ముట్టలే. దస్కతు పెట్టలే, అది తప్పే. సీసా మాత్రం ముట్టలే" అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మనని ఆయన ముఖం మీదే అన్నాను.

వసారా మూల బియ్యం చెరుగుతున్న మా అక్క చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. "నీళ్ళు నేనే పోసిన తమ్ముడా" అంది. ఇంట్లో ఏ మూల సీసా కనిపించినా సగం పెరట్లో ఒంపి నీళ్ళు నింపడం ఆమెకు అలవాటట, ఆయన కొంచెం తక్కువ తూలుతాడని, తిట్లు కొంచెం తగ్గుతాయని. డబ్బాల వెనక దొరికిన సీసా ఆయన దాచుకున్నదే అనుకుంది. "నీదని నాకెట్ల తెలుస్తది? నువ్వొక్క మాట చెప్పినవా?" అంటూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళూ తాను తాగినవన్నీ సగం నీళ్ళేనని మా బావకూ అప్పుడే తెలిసింది.

ఇప్పుడు వార్నిష్ డబ్బాలో వస్తోంది, స్పిరిట్ సీసాలో వస్తోంది, మెరుపు కూడా పెట్టెలో వస్తోంది. ఒకరి వంటింట్లోంచి, ఒకరి కుండలోంచి తెచ్చుకునే పని లేదు కాబట్టి, ఒకరి చెయ్యి ఇంకొకరి పనిలో పడి పాడయ్యేదీ లేదు. మంచిదే. కానీ ఆ పిల్ల పెట్టె మీది కాయిలు చూస్తే, పదకొండు రోజులు నేను చుట్టిన చుట్లే గుర్తొస్తాయి. జగదల్‌పూరుకు వెళ్ళి ఉంటే నా బతుకు ఎలా ఉండేదో ఇక ఎవరినని అడగను? అక్కను తిట్టలేను. ఆమె ఆ నీళ్ళు ఎందుకు పోసిందో, ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకు తెలియదా?

రోజూ పొద్దున దుకాణం తెరవడానికి వెళుతుంటే బావ వసారాలో కూర్చుని కనిపిస్తాడు. ఇన్నేళ్ళూ ముఖం తిప్పుకుని పోయేవాణ్ణి. ఇప్పుడు చూడాలంటే సిగ్గేసి, అలాగే తిప్పుకుని పోతున్నాను. నా కోపం ఇంకా తీరలేదనుకుంటున్నాడు ఆయన.