గోడ దగ్గర నిలబెట్టిన గొంతు

ఈ ప్రయాణాన్ని రాసిపెట్టడానికి కారణం ఉంది. మా పావగడ తాలూకాలో ఒకప్పుడు మైక్ సెట్ నడిపినవాళ్ళ ఇళ్ళలో పాటల ప్లేట్లు, అంటే గ్రామఫోన్ రికార్డులు, ఇంకా ఉన్నాయి. కొన్ని అటకల మీద, కొన్ని జొన్నల డబ్బాల వెనక. గరగరమంటున్నాయని వాటిని పాత సామాన్ల వాళ్ళకు వేసేస్తున్నారు. క్యాతగానచెర్లులో నాకు తెలిసిన ఒకాయన ఈ మధ్యే అలా వేసేశాడు. తప్పు ప్లేటుది కాకపోవచ్చు, దాన్ని వాయించే ముల్లుది కావచ్చు అని ఆయనకు చెప్పేవాళ్ళు లేకపోయారు. ఇంకొకరు అలా వేసేసే ముందు ఇది చదివితే నా శ్రమ ఫలించినట్టే.

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ప్లేటు. మా అమ్మ అంజినమ్మ నాకు నడక రాకముందే పోయింది. ఒక ఫోటో ఉంది గానీ గొంతు ఎలా ఉండేదో నాకు తెలియదు. నన్ను పెంచింది ఆమె అక్క, మా పెద్దమ్మ ఓబుళమ్మ. మావాళ్ళు గొర్రెలు కాసే కాలంలో అక్కచెల్లెళ్ళిద్దరూ మందను ఇంటికి పిలిచే పాట పాడేవారట. పాటలు పట్టుకునే కంపెనీ వాళ్ళు వచ్చి, ఇద్దరినీ బెంగళూరు తీసుకుపోయి ఆ పాటను ప్లేటు వేశారు. పెద్దమ్మ చరణం పాడితే అమ్మ వంత అందుకోవాలి. కానీ ఆ ప్లేటు పెట్టినప్పుడల్లా మాకు వినిపించేది పెద్దమ్మ గొంతొక్కటే. వంత రావలసిన చోట ఉత్త గరగర.

"అంజి యాడ పాడింది? నువ్వొక్కదానివే పాడింటావులే" అని చుట్టాలు ఏడిపించేవాళ్ళు. పెద్దమ్మ మండిపడేది.

"దాని గొంతు పెద్దదని ఆ కంపెనీ ఆయప్ప గోడ దాకా వెనక్కి నిలబెట్టినాడు. ఆడ నిలబడే పాడింది. మీ చెవుల్లో దుమ్ముంటే నేనేం చేసేది?"

ప్లేయర్ మా పెద్దనాన్న రామాంజప్పది. నాగలమడిక చుట్టుపక్కల పెళ్ళిళ్ళకూ జాతరలకూ ఆయన మైక్ సెట్ వెళ్ళేది. స్పీకర్ల ముందు జనం చిందులేస్తే ముల్లు ఎగిరి పక్క పాటలో పడుతుందని, ముల్లును పట్టుకునే ప్లేయర్ చేయి మీద ఒక రూపాయి బిళ్ళను దారంతో కట్టి ఉంచాడు. ఆయన పోయాక కూడా ఆ బిళ్ళ అలాగే ఉంది.

నేను తిరుమణి సోలార్ ప్లాంటులో ప్యానెళ్ళు కడిగే పని చేస్తాను. చదివింది పదో తరగతి. మిగిలిన చదువంతా పావగడ గ్రంథాలయంలోదే, ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం. అక్కడే శబ్దం గురించిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికితే, నిఘంటువు పక్కన పెట్టుకుని వానాకాలమంతా చదివాను. ప్లేటు మీది గాడిలో రెండు గోడలుంటాయి. లావు ముల్లు ఆ గోడల పైభాగాన్ని రాసుకుంటూ పోతుంది. దాని మీద బరువు పెడితే ఆ భాగాన్ని అరగదీస్తుంది. సన్న ముల్లు పెడితే ఇంకా కిందికి దిగుతుంది. అక్కడ అరగని గోడ మిగిలి ఉండవచ్చు. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో! దూరం నుంచి సన్నగా పడిన అమ్మ గొంతు ఆ కింది భాగంలో ఇంకా ఉందేమో.

గ్రంథపాలకురాలు మంజుళ మేడమ్‌కు ఈ సంగతి చెబితే, బెంగళూరు బళేపేటలో పాత ప్లేయర్లు బాగుచేసే గోవిందరాజులు గారి ఫోన్ నంబరు సంపాదించి ఇచ్చారు. ఆయన ఫోన్‌లోనే చెప్పేశారు. "మీ పాత ముల్లు గాడి అడుగు దాకా గీకేసుంటే నేనేమీ చెయ్యలేనప్పా. తెచ్చి చూపించండి. అంతవరకు ఆ ప్లేటు పెట్టొద్దు."

ఒక శుక్రవారం ఉదయం ఐదున్నరకు తిరుమణిలో ఆటో ఎక్కాము. ప్లేయర్‌ను ఇన్వర్టర్ వచ్చిన అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ ప్యానెళ్ళ ప్యాకింగు స్పాంజీ కుక్కాను. ప్లేటు మాత్రం పెద్దమ్మ ఒడిలో, ఎప్పటిలాగే కంబళి ముక్కలో చుట్టి ఉంది. విలువైనది ఏదైనా మా ఇంట్లో కంబళిలోనే ఉంటుంది.

పావగడలో ఆరున్నర బెంగళూరు బస్సు దొరికింది. ప్లేటు తీసుకుని పోయేవాళ్ళకు ఒక మాట. పొద్దున పోయేటప్పుడు కుడి వైపు కూర్చోండి. ఎండ ఎడమ వైపు పడుతుంది, ప్లేటు వంగిపోతుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు కూడా కుడి వైపే.

కండక్టర్ సిద్దేశ్‌ది కూడా మా వైపే. పెద్దమ్మ ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళ ఉచిత టికెట్ ఇచ్చాడు, నాకు మామూలు టికెట్ కొట్టాడు. తరువాత పెట్టె వైపు చూశాడు.

"ఏందవ్వా ఇది? హార్మోనియమా?"

"పాటల మిషనప్పా."

"దీనికి లగేజీ టికెట్ ఉండాది."

"మనిషికి లేదు గానీ పెట్టెకు టికెట్టా? ఇది నాకంటే చిన్నది కదప్పా!"

"అయితే పాడించు. మంచిగుంటే ఇడిచిపెడతా."

"మంచిగా పాడించనీకే బెంగళూరు పోతావుండాం. వచ్చేటప్పుడు అడుగు" అంది పెద్దమ్మ. బస్సులో ముందు వరుసలన్నీ నవ్వాయి. లగేజీ టికెట్ మాత్రం తీసుకోక తప్పలేదు.

మధుగిరి కొండ దాటాక పక్క సీటు ఆమె, కొరటగెరెలో కూతురింటికి పోతున్న లక్ష్మక్క, ఒడిలో ఏముందని అడిగింది. పెద్దమ్మ చెప్పింది. లక్ష్మక్క, "మా అత్తమ్మ సువ్విపాటలు బాగా పాడేది. ఎవరూ పట్టుకోలేదు" అంది. దిగేటప్పుడు తన సంచిలోని రెండు సీతాఫలాలు తీసి పెద్దమ్మ చేతిలో పెట్టి పోయింది.

తుమకూరులో బస్సు ఆగిన పావుగంటలో తట్టె ఇడ్లీ తిన్నాము. పళ్ళెమంత ఇడ్లీని చూసి పెద్దమ్మ, "ఇది కూడా పాడుతుందేమో అడుగు" అంది. పదకొండుకు బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు. అక్కడి నుంచి బళేపేట నడిచి పోయేంత దగ్గరే, పెట్టె ఉంది కాబట్టి ఆటోలో పోయాము.

గోవిందరాజులు గారి అంగడి వీణలు అమ్మే అంగళ్ళ మధ్య ఒక మెట్టు పైన ఉంది. డెబ్బై దగ్గర పడిన మనిషి, పాత బెంగళూరు తెలుగు. పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాకే పెట్టె విప్పనిచ్చారు.

రూపాయి బిళ్ళను చూసి ఆయన నవ్వారు. "మైక్ సెట్ వాళ్ళందరిదీ ఇదే పద్ధతి. ముల్లు ఎగరదు నిజమే, గాడిని దున్నేస్తుంది."

"దాన్ని తీయొద్దు సామీ. మా ఆయప్ప కట్టింది" అంది పెద్దమ్మ.

ఆయన తొందర పెట్టలేదు. సన్న దారానికి బిళ్ళను వేలాడదీసి ఆమె అరచేతి మీద ఆనించారు. "ఇంత బరువమ్మా, మీ చెల్లెలి గొంతు మీద." పెద్దమ్మ కాసేపు అరచేతినే చూసింది. తరువాత బిళ్ళను తీసుకుని కొంగున ముడివేసుకుంది. "ఈడుంటుందిలే" అంది, పెద్దనాన్నకు చెబుతున్నట్టు.

ఆ తరువాత కంబళి. ప్లేటును అందులోంచి లాగి, బల్ల మీది కాగితం తునకల దగ్గర పట్టుకున్నారు. తునకలన్నీ ఎగిరి ప్లేటుకు అంటుకున్నాయి. ఉన్ని రాసుకుంటే ప్లేటుకు కరెంటు పడుతుందని, దుమ్మునంతా అదే లాక్కుంటుందని, చిటపటలో సగం దానివల్లనే అని చెప్పారు. ఇది నేను చదివిన విషయమే! మా ఇంటి కంబళికి కూడా వర్తిస్తుందని మాత్రం తట్టలేదు.

"గొర్రెల పాటను గొర్రె ఉన్నిలో పెడితే తప్పేంది?" అంది పెద్దమ్మ, నొచ్చుకుని.

"తప్పు లేదమ్మా. లోపల నున్నటి కవరు వేసి, దాని పైన కంబళి చుట్టుకోండి. చలికి మనం చొక్కా మీద కప్పుకోమా, అట్లా."

ప్లేటు కడగడానికి ప్లాంటు నుంచి ఉప్పు తీసేసిన నీళ్ళు ఒక క్యానుతో తెచ్చాను. సూపర్‌వైజర్ నాగరాజు గారిని అడిగితే, ఎందుకో విని, తానే పట్టించి ఇచ్చారు. మా బోరు నీళ్ళు ఆరితే ప్యానెల్ మీదే తెల్ల మరకలు పడతాయి, ఇక గాడిలో ఎలా ఉంటుందో ఊహించండి. మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే కడిగాము.

ఆ తరువాత ఆయన పని చేస్తుంటే నేను చూస్తూ, అడుగుతూ, రాసుకుంటూ ఉన్నాను. చక్రాన్ని తిప్పే రబ్బరు గట్టిపడి ఉంటే మార్చారు. ఇరుసులో ఎండిపోయిన నూనె తుడిచి కొత్తది వేశారు. చేయి కదిలే కీలు వదులు చేశారు. పాత ముల్లును దాని డబ్బాతో సహా తీసేసి, సన్న ముల్లున్న తేలికపాటి కొత్తది బిగించారు. కొత్త ముల్లు నుంచి వచ్చే శబ్దం చాలా చిన్నది, దాన్ని పెంచడానికి అరచేతిలో పట్టే ఒక పెట్టెను మధ్యలో కలిపారు. పెద్దమ్మ కుర్చీలోనే కునుకు తీసింది.

రెండు గంటలకు ముల్లు ప్లేటు మీద ఆనింది. స్పీకర్లోంచి బుయ్ మని ఒకటే హోరు. పెద్దమ్మ ఉలిక్కిపడి లేచి, "ఇదేందప్పా, తేనెతుట్టె కదిపినారా?" అంది. గోవిందరాజులు గారు ముల్లు ఎత్తి, సన్నటి తీగ ఒకటి ప్లేయర్ ఇనుప ఒంటి నుంచి ఆ చిన్న పెట్టెకు కలిపారు. మళ్ళీ ఆనించారు.

హోరు లేదు. చిటపటలు ఒకటీ అరా. పెద్దమ్మ పడుచు గొంతు, ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు. చరణం ముగిసింది. వంత రావలసిన చోటు వచ్చింది.

వచ్చింది.

దూరం నుంచే. గది అవతలి కొస నుంచి వచ్చినట్టు, కానీ నిండుగా, కొంచెం బొంగురుగా, 'ఓ' అంటూ సాగే గొంతు. గట్టు మీద నిలబడి అవతలి గట్టుకు వినిపించేలా పిలిచే గొంతు. నేను ప్లేటునే చూస్తూ నిలబడ్డాను. ప్రతి చరణానికీ అది వచ్చింది. పాట చివర పెద్దమ్మ ఆపేశాక కూడా ఒక ఊపిరిసేపు ఒంటరిగా సాగి, అప్పుడు ఆగింది.

పెద్దమ్మ నవ్వుతూ ఏడ్చింది. "చూసినావా? దానికి ఆపేది తెలీదు. ఆ కంపెనీ ఆయప్ప చెయ్యి ఊపినా ఆపలేదు. బయటికొచ్చినాక నేను తిట్టినా. అవ్వ, ఎంత తిట్టినానో." తరువాత నా వైపు తిరిగి, "ఇంగ చెప్పు ఆ చుట్టాలకు" అంది.

గోవిందరాజులు గారు ముల్లు ఎత్తి, పక్కకు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. రోజూ పెట్టొద్దని, పెట్టినప్పుడు అందరూ కూర్చుని వినండని చెప్పి పంపారు.

మూడున్నర బస్సు పట్టుకున్నాము. కుడి వైపే కూర్చున్నాము. కండక్టర్ మళ్ళీ సిద్దేశే. "పాడిందా అవ్వా?" అని అడిగాడు. "ఇద్దరూ పాడినారు" అంది పెద్దమ్మ. అతనికి అర్థం కాలేదు. మధుగిరి దాకా ఒక్కొక్క టికెట్ కొట్టి వచ్చి, మిగిలిన కథ విని పోతూ ఉన్నాడు.

మధుగిరి దాటాక ఎండ చల్లబడింది. పెద్దమ్మ కిటికీలోంచి చూస్తూ, గొంతులోనే, గొర్రెలను పేరుపేరునా పిలిచే మొదటి చరణం ఎత్తుకుంది. చరణం ముగించి ఆగింది. ఇన్నేళ్ళూ ఆమె అలాగే పాడేది, అలాగే ఆగేది. ఆ ఖాళీలో ఏం రావాలో, ఎంతసేపో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది. నేను మెల్లగా అందుకున్నాను.

"గట్టిగా అనురా. నువ్వు అంజి కొడుకువేనా?"

ఈసారి గట్టిగానే అన్నాను. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. సిద్దేశ్ చేతిలో టికెట్ మిషన్ పట్టుకుని నిలబడిపోయాడు.

దారి చూపిన మంజుళ మేడమ్‌కు, నీళ్ళు పట్టించి ఇచ్చిన నాగరాజు గారికి, సీతాఫలాలిచ్చిన లక్ష్మక్కకు, రెండు పూటలా మమ్మల్ని నవ్వించిన సిద్దేశ్‌కు, బరువు తీసి గొంతు చూపించిన గోవిందరాజులు గారికి నా కృతజ్ఞతలు. ముల్లు ఎగరకుండా తనకు తెలిసినట్టు కాపాడిన పెద్దనాన్న రామాంజప్పకు కూడా. తప్పో ఒప్పో, ఒక్క గీటు పడకుండా ఆ ప్లేటును కంబళిలో దాచి, నా చెల్లెలు పాడింది అని పట్టు విడవకుండా చెప్పిన పెద్దమ్మ ఓబుళమ్మకు. గోడ దగ్గర నిలబెట్టినా, చెయ్యి ఊపినా, ఆపకుండా పాడిన మా అమ్మ అంజినమ్మకు.